ఉప్పులేని రేవు

డులూత్‌లో పార్క్ పాయింట్ పేటవాళ్లు ఆఫీసుకి ఆలస్యంగా వస్తే ఎవరూ నిలదీయరు. "వంతెన లేచింది" అంటారు, అక్కడితో సరి. ఇసుక తిన్నె మీద కట్టిన ఆ పేటకీ ఊరికీ ఉన్నది ఒకటే దారి. ఓడ వచ్చిందంటే ఆ దారిలోని రోడ్డు ముక్క ఉన్నదున్నట్టుగా, అడ్డంగానే, పైకి లేచిపోతుంది. కార్లు బారులు తీరతాయి. పెళ్లికి వెళ్లేవాళ్లయినా, పరీక్షకి వెళ్లేవాళ్లయినా ఇంజను ఆపుకుని కూర్చోవాల్సిందే. వేసవిలో చిన్న పడవలకి గంటకీ అరగంటకీ అని వేళలు పెట్టారు గానీ పెద్ద ఓడకి అలాంటిదేం లేదు. అది వచ్చిందే వేళ.

కొత్తలో నాకు ఇదంతా చిరాకు. ఇప్పుడు కారు దిగి, గట్టు దాకా నడిచి, మెడ సాచి చూసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఓడలు చూడటాన్ని ఇక్కడ కొందరు సంగీతం నేర్చుకున్నంత శ్రద్ధగా నేర్చుకుంటారు. నేనూ నేర్చుకుంటున్నాను. ఈ వారం ఆ చదువు గురించే.

ముందు ఊరు. అమెరికాలో మినెసోటా రాష్ట్రం, సుపీరియర్ సరస్సు పడమటి కొస. జనాభాలో మన అనకాపల్లి పాటిది. నీళ్ల వెంబడి సన్నగా, పొడుగ్గా సాగిన ఊరు, వెనకంతా నిట్రమైన కొండవాలు. ఎదురుగా అఖాతానికి అవతల విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన సుపీరియర్ అనే ఊరు. రెండూ కలిపి ఒకటే రేవు. సరుకు బరువు లెక్కన గ్రేట్ లేక్స్ మొత్తంలో ఇదే పెద్దది. అట్లాంటిక్ సముద్రం ఇక్కడికి 2,342 మైళ్ల దూరం. అయినా సముద్రపు ఓడలు వస్తాయి. సెయింట్ లారెన్స్ నది మీద, కాలువల్లో లాకులు ఒక్కొక్కటే ఎక్కుతూ, సముద్ర మట్టానికి 600 అడుగుల ఎత్తున ఉన్న ఈ నీళ్లలోకి వస్తాయి. 1959లో ఆ దారి పూర్తిగా తెరుచుకుంది.

సరస్సు అంటే మనకి కొల్లేరు గుర్తొస్తుంది, పులికాట్ గుర్తొస్తుంది. ఇది ఆ లెక్కలోది కాదు. 82 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రంలో దాదాపు ముప్పాతిక వంతు. లోతు ఒకచోట 406 మీటర్లు. భూమి మీద ఉపరితలంలో ఉన్న మంచినీళ్లలో పదో వంతు ఇందులోనే ఉందని చెబుతారు. అవతలి ఒడ్డు కనబడదు, అలలు విరుగుతాయి, తుఫాన్లు పుడతాయి. ఓడ్జిబ్వే ప్రజలు దీన్ని గిచిగామి అంటారు. 1854 ఒప్పందంతో ఈ తీరమంతా వాళ్ల చేతుల్లోంచి జారిపోయాకే ఇక్కడ డులూత్ అనే ఊరు లేచింది.

మా అమ్మ విశాఖ నుంచి వచ్చినప్పుడు ఒడ్డున వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలిక్కి తగిలించుకుంది. "ఇదేటే, ఉప్పు లేని సముద్రం!" అంది. ఆ తర్వాత గాలి పీల్చి చూసి, "చేపల వాసనా లేదు" అని పెదవి విరిచింది. జూన్ నెల. తూర్పు గాలి తిరగ్గానే చలికి శాలువా కప్పుకుంది. కొండ మీద ఎండ కాస్తున్నా ఒడ్డున పది డిగ్రీలు తగ్గిపోవడం ఇక్కడ మామూలే.

మాది విశాఖ వన్‌టౌన్. రేవు పక్కన పుట్టి పెరిగినా రేవు చూసింది తక్కువ. గోడలు, గేట్లు, పాసులు, పైగా నౌకాదళం. బీచ్‌లో నిలబడితే దూరాన లంగరేసిన ఓడలు కనబడేవి. వాటిలో ఏముందో, అవి ఎవరివో అడిగే అలవాటే లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుండటం వల్ల అక్కడ రేవుకి రక్ష. ఇక్కడ కొండ వెనక్కి పోయింది. రక్షంతా ఏడు మైళ్ల ఇసుక తిన్నెదే. ఆ తిన్నెనే 1871లో అడ్డంగా కోసి ఓడల కాలువ తవ్వారు. అవతలి సుపీరియర్ ఊరివాళ్లు కోర్టుకెళ్లి పని ఆపించేలోగా ఇక్కడి జనమంతా పారలు పట్టి రాత్రింబవళ్లు తవ్వేశారని కథ. నిజానికి తవ్వింది ఆవిరి డ్రెడ్జరు. పారల కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే చావలేదు. కాలువ తెగడంతో తిన్నె మీదివాళ్లు ద్వీపవాసులైపోయారు. 1905లో ఎత్తయిన ఉక్కు దూలం కట్టి, దాన్నుంచి వేలాడే బండిలో మనుషుల్నీ గుర్రబ్బళ్లనీ దాటించారు. 1930 నాటికి దాన్నే ఇప్పటి లేచే వంతెనగా మార్చారు.

ఆ కాలువ వెడల్పు 300 అడుగులు. పెద్ద ఓడ వెడల్పు 105, పొడవు వెయ్యికి పైన. గట్టు మీద నిలబడ్డ మనిషికి, ఎదుటి వీధి పునాదులతో సహా కదిలి వస్తున్నట్టుంటుంది. డెక్కు మీది మనిషి చెయ్యి ఊపితే ముఖం కూడా కనబడుతుంది. ఓడ కూత వేస్తుంది. ఎక్కువగా ఒక పొడుగు, రెండు పొట్టి. వంతెన అదే వరసలో తిరిగి కూస్తుంది. పిల్లలు చెవులు మూసుకుంటారు. పర్యాటకులు ఇక్కడ ఫొటో తీసుకుని ఐస్‌క్రీం కొట్టు వైపు తిరుగుతారు. చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది.

మొదట చూడాల్సింది ఓడ నీళ్లలో ఎంత మునిగిందన్నది. ముందు భాగం మీద అంకెలు రాసి ఉంటాయి. అంకెలు చాలావరకు పైకి తేలి, పొట్ట కింది రంగు బయటపడితే ఓడ ఖాళీగా వస్తోందన్నమాట. డులూత్‌కి వచ్చే ఓడల్లో ఎక్కువ భాగం ఖాళీవే. నింపుకుని పోవడానికి వస్తాయి. కొన్ని మాత్రం సున్నపురాయి తెచ్చి దింపి, ఇనుము ఎక్కించుకుంటాయి. రెండోది, చుక్కాని గది ఎక్కడుందో చూడాలి. ముందు కొసన ఉంటే పాతకాలపు ఓడ, వెనక ఉంటే కొత్తది. మూడోది, డెక్కు మీద పొడుగ్గా పడుకోబెట్టిన ఇనుప చెయ్యి ఉందా లేదా. అది ఉంటే రేవులో క్రేనుతో పనిలేదు. అడుగున తిరిగే బెల్టులు సరుకుని పైకి తెస్తే ఆ చెయ్యి పక్కకి తిరిగి ఒడ్డున గుట్టగా పోస్తుంది. గంటకి పది వేల టన్నుల దాకా పోయగలిగిన ఓడలున్నాయి. ఇక డెక్కు మీద క్రేన్లు నిలబడి ఉంటే అది సముద్రం నుంచి వచ్చింది. గాలిమరల రెక్కలు దింపి, గోధుమలు ఎక్కించుకుని పోతుంది.

వెయ్యి అడుగుల ఓడలు సముద్రాన్ని ఎప్పటికీ చూడవు. కింద వెల్లండ్ కాలువ లాకుల్లో 740 అడుగులు మించిన ఓడ పట్టదు. కాబట్టి అవి ఈ సరస్సుల్లోనే పుట్టి, ఈ సరస్సుల్లోనే తుక్కవుతాయి. తుక్కవడానికి మాత్రం తొందరపడవు. ఉప్పు లేదు కనక తుప్పు నెమ్మది. 1942లో నీళ్లలోకి దిగిన ఆల్పీనా అనే ఓడ ఎనభై ఏళ్లు నిండాక కూడా సిమెంటు మోసింది. విశాఖ ఉప్పుగాలికి మా డాబా మీది ఇనుప చువ్వలు ఎన్నేళ్లకి రాలాయో గుర్తున్న నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద వింత.

ఓడల్లోకి వెళ్లేది ఏమిటంటే ముఖ్యంగా ఇనుము. ఊరికి ఉత్తరాన మెసాబి గనులున్నాయి. బైలదిల్లా నుంచి కొండలు దిగి విశాఖకి రైలు వచ్చినట్టే ఇక్కడా గని నుంచి రేవుకి రైలు దిగుతుంది. వెస్ట్ డులూత్‌లో రెండు వేల అడుగులు దాటిన పొడవుతో, ఎనభై అడుగుల ఎత్తున, నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఖనిజం రేవు కట్ట ఉంది. రైలు దాని నెత్తిమీదికెక్కి సరుకు కుమ్మరిస్తుంది. అది గొట్టాల గుండా ఓడ కడుపులోకి జారుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మేలురకం ఖనిజం చాలావరకు తవ్వేశారు. మిగిలింది టాకొనైట్ అనే గట్టి రాయి, ఇనుము తక్కువ. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఇ.డబ్ల్యు. డేవిస్ అనే ఆచార్యుడు దశాబ్దాలు పట్టుబట్టి, ఆ రాయిని పిండి చేసి, అయస్కాంతంతో ఇనుమును లాగి, గోళీలుగా కాల్చే పద్ధతి సాధించాడు. ఆ గోళీలు రైలు పట్టాల పక్కన రాలి ఉంటాయి. మా ఇంట్లో తులసి కుండీలో నాలుగైదు ఉన్నాయి.

ఆ పద్ధతి రేవుని బతికించింది. నీళ్లని పాడుచేసింది కూడా అదే. తీరం వెంట ఈశాన్యంగా గంట ప్రయాణంలో ఉన్న సిల్వర్ బేలో రిజర్వ్ మైనింగ్ కంపెనీ ఇనుము తీసేసిన రాతిపిండిని రోజుకి 67 వేల టన్నుల చొప్పున సరస్సులోకి వదిలింది. 1973లో డులూత్ తాగునీటిలో ఆస్‌బెస్టాస్‌లాంటి సన్నని పోగులు కనబడ్డాయని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటిదాకా వడపోత అక్కర్లేనంత స్వచ్ఛమైన నీళ్లని గొప్ప చెప్పుకున్న ఊరు వడపోత కేంద్రం కట్టుకోవాల్సి వచ్చింది. ఏళ్లపాటు కోర్టులు నడిచాయి. 1980లో గానీ సరస్సులో పొయ్యడం ఆగలేదు. ఓడని చూసి మురిసేటప్పుడు నాకు ఈ లెక్క కూడా గుర్తుండాలనిపిస్తుంది.

1975 నవంబరు 9న అవతలి సుపీరియర్ కట్ట దగ్గర 26 వేల టన్నులకి పైగా ఈ ఇనుప గోళీలు ఎక్కించుకుని బయల్దేరిన ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే ఓడ మర్నాడు సాయంత్రం తుఫానులో మునిగిపోయింది. 29 మంది. ఒక్కరి శవమూ ఒడ్డుకి చేరలేదు. గోర్డన్ లైట్‌ఫుట్ పాట వల్ల ప్రపంచానికి ఆ ఓడ పేరు తెలుసు. వెనకాల వస్తున్న ఓడ ఆర్థర్ ఎం. ఆండర్సన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆ రాత్రి తాను క్షేమమైన నీళ్లు చేరుకున్నాక కూడా వెతకడానికి మళ్లీ తుఫానులోకి తిరిగింది. 1952 నాటి ఆ ఓడ తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ కాలువలోకి వస్తూనే ఉంది. దాని కూత వింటే గట్టు మీది ముసలివాళ్లు టోపీ తీసేవారు.

ఓడలు లేని రోజున నడక. ఈ సరస్సుకి దారైన సూ లాకుల్ని జనవరి మధ్యలో మూసేస్తారు, మార్చి 25న తెరుస్తారు. ఆ మధ్యకాలమంతా ఊరు కొండ మీదికి చూస్తుంది. ఎంగర్ టవర్ ఎక్కితే రెండు ఊళ్ల రేవూ, ధాన్యపు గోదాములూ, మరమ్మతుకి ఆగిన ఓడలూ ఒకేసారి కనబడతాయి. బాబ్ డిలాన్ 1941లో పుట్టింది ఈ ఊళ్లోనే, ఆ ముచ్చట ఎవరైనా చెబుతారు. 2012 వరదల్లో జూ నుంచి కొట్టుకొచ్చిన సీల్ నడిరోడ్డు మీద కూర్చున్న ఫొటో కూడా చూపిస్తారు. ఫస్ట్ స్ట్రీట్ మూలకి మాత్రం చెయ్యి పట్టి తీసుకెళ్లేవాళ్లు తక్కువ. 1920 జూన్ 15 రాత్రి వేలమంది మూక పోలీసు స్టేషను మీద పడి, సర్కసులో కూలి పనికి వచ్చిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లని, ఎలియాస్ క్లేటన్, ఎల్మర్ జాక్సన్, ఐజాక్ మెక్‌గీలని, లాక్కొచ్చి ఆ మూలనే దీపస్తంభానికి ఉరేసింది. వాళ్ల మీద మోపిన నేరానికి ఆధారం లేదు. శవాల పక్కన నిలబడి ఫొటో దిగారు, దాన్ని పోస్టుకార్డుగా అమ్మారు. ఊరు నోరు విప్పి స్మారకం కట్టుకోవడానికి 2003 దాకా పట్టింది. వంతెన నుంచి అక్కడికి నడిచే దూరమే.

మినియాపొలిస్ వైపు మన తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. రెండున్నర గంటల ప్రయాణం కనక వేసవి శనివారాల్లో చాలామంది వస్తారు. వంతెన, లైట్‌హౌస్, సెల్ఫీ, పులిహోర, తిరుగు ప్రయాణం. తప్పని అనను. కానీ అది ఊరి బోర్డు చదివి ఊరు చూశామనడమే. ఇది పనిచేస్తున్న రేవు. దాని అందం పనిలోనే ఉంది. ఏ ఓడ ఏం తెచ్చింది, ఏం పట్టుకుపోతోంది అని అడగనివాళ్లకి అది నీళ్ల మీద కదిలే ఇనుము, అంతే.

నవంబరులో రండి. సోమవారమో మంగళవారమో అయితే పార్కింగ్ ఇబ్బంది లేదు. వంతెన పక్కనే ఆర్మీ ఇంజనీర్లు నడిపే ఓడల మ్యూజియం ఉంది, టికెట్టు లేదు. ఓడల రాకపోకల వేళలు ముందే చూసుకోండి, ఓ గంట అటూ ఇటూ అవుతాయని గుర్తుంచుకోండి. పిల్లలకి మంకీ క్యాపులు, ఫ్లాస్కులో టీ మరచిపోకండి. ఒడ్డున గాలి మీరనుకున్నదానికన్నా ఎక్కువ.