నాలుగు గజాల దూరం

అపరాధ పరిశోధక సాహిత్యాన్ని మన విమర్శకులు చాలాకాలంగా వెలివేశారు. అద్దె పుస్తకాల దుకాణంలో దొరికే కాలక్షేపమని తీసిపారేయడం మనకు అలవాటయింది. ఐతే అభ్యుదయ కవి ఆరుద్ర డిటెక్టివ్ నవలలు రాశాడన్న సంగతి మరువరాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, రాజులు ఒక తరానికి పుస్తకం పట్టడం నేర్పారన్నదీ కాదనలేము. కాబట్టి ఈ సాహిత్యాన్ని చదవవచ్చునా అన్నది ప్రశ్న కాదు. ఎలా చదవాలన్నదే ప్రశ్న.

ఇటీవల పాతబస్తీలోని మా కళాశాలలో ఈ విషయమై చర్చ పెట్టి, కోనన్ డాయిల్ 1913లో ప్రకటించిన ‘డయింగ్ డిటెక్టివ్’ కథ చెప్పాను. డాయిల్ స్వయంగా వైద్యుడు. ఎడిన్‌బరోలో అతనికి పాఠం చెప్పిన జోసెఫ్ బెల్, రోగి నోరు విప్పకముందే అతని వృత్తి పసిగట్టేవాడు. ఆ చూపునే డాయిల్ తన హోమ్స్‌కు ఇచ్చాడు. బూడిద చూసి పొగాకు రకం చెప్పగల కన్ను అది. ఈ కథలో హోమ్స్ సుమత్రా నుంచి వచ్చిన ప్రాణాంతక వ్యాధి సోకినట్టు నటిస్తాడు. కల్వర్టన్ స్మిత్ అనే తోటల యజమాని ఆ వ్యాధితోనే తన దగ్గరి బంధువును చంపాడు. వాడి నోటనే నేరం ఒప్పించడం హోమ్స్ ఎత్తు.

కథ ముగియగానే ఒక విద్యార్థిని లేచి, “తోటలో కూలీలు ఎంతమంది చచ్చిపోయారు సార్?” అని అడిగింది. కథ మళ్ళీ తిరగేశాను. జవాబు లేదు.

స్మిత్‌కు ఆ వ్యాధి ఎలా తెలిసింది? తన తోటలో అది చెలరేగినప్పుడు దగ్గరలో వైద్యసహాయం లేక తానే పరిశోధించాడని కథే చెబుతుంది. హోమ్స్ సైతం దాన్ని కూలీల జబ్బనే అంటాడు. లండనులో ఒక్క పెద్దమనిషి చావు నేరమయింది. సుమత్రాలో కూలీల చావు ఆ నేరానికి ముడిసరుకయింది. కథకు బిగువు కావాలంటే కొంత వదలక తప్పదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని ఏది వదిలాడన్న దానిలోనే రచయిత దృక్పథం తెలుస్తుంది.

ఐతే ఈ కథ తనకు తెలియకుండానే ఒక సత్యం బయటపెట్టింది. హోమ్స్ తన మిత్రుడు వాట్సన్‌ను దగ్గరికి రానివ్వడు. వాట్సన్ వైద్యుడు, నాడి పట్టుకుంటే జ్వరం లేదని తేలిపోతుంది. నాలుగు గజాల ఎడం ఉంటేనే మోసం సాగుతుందని చివరకు హోమ్సే ఒప్పుకుంటాడు. అంటే రోగ రహస్యాన్ని తేల్చేది అద్భుతమైన కన్ను కాదు, దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకున్న చెయ్యి. చార్మినారు దగ్గరి యునానీ ఆసుపత్రిలో నబ్జ్ చూసే హకీములను ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. తోట కూలీల మణికట్టు మాత్రం ఎవరు పట్టుకున్నారు?

ఇది పరాయి కథ అనుకోరాదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్. అతని కూలి దోమకు ఒక అణా.

అమితవ్ ఘోష్ 1995లో వెలువరించిన ఆంగ్ల నవల ‘ద కలకత్తా క్రోమోజోమ్’ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. రాస్ వెనుక నిలబడిన పనివాళ్ళకు ఏం తెలుసునని అడిగింది. అలా అడగడం గొప్ప విషయం. కాని జవాబు దగ్గర తడబడింది. ప్రయోగశాల ఊడ్చే మంగళకూ, సేవకుడు లచ్మన్‌కూ మార్మికశక్తిని అంటగట్టింది. హోమ్స్‌కు ఇంద్రియ మహిమ, వీరికి అతీంద్రియ మహిమ. రెంటిలోనూ మామూలు మనిషి శ్రమకు చోటు దొరకలేదు. హుసేన్ ఖాన్‌కు మహిమ అక్కరలేదు. లెక్కలో పేరుంటే చాలు.

రేపు మన రచయిత వైద్య రహస్య నవల రాస్తే, బస్తీలో జ్వరాలు ఎందుకు లేచాయి, మంచినీళ్ళ గొట్టంలో మురుగు ఎక్కడ కలిసింది, ఎవరు చూసీ ఊరుకున్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగే పరిశోధకుణ్ణి సృష్టించాలని నా మనవి. అతనికి అసాధారణమైన ముక్కూ చెవులూ అక్కరలేదు. ఆ కథ నేను ఎన్నోసార్లు చదివాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఒక్కసారీ తోచలేదు. నేనూ నాలుగు గజాల దూరంలోనే నిలబడి చదివాను.