తల్లి నోరు కట్టేసే సలహా

“ఇంట్లో మీ తండా భాష మానేయండి. బిడ్డతో తెలుగులోనే మాట్లాడండి. ఇంగ్లీషు వస్తే ఇంకా మంచిది.” అంగన్‌వాడీ దగ్గర, బడిలో తల్లిదండ్రుల సమావేశంలో, ఒక్కోసారి డాక్టరు గదిలో కూడా మన తల్లులు వినే సలహా ఇది. చెప్పేవాళ్లకు బిడ్డ మీద కోపమేమీ లేదు. రేపు బడిలో వెనకబడకూడదనే చెబుతారు. మనలో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా తమ ఇళ్లలో ఇదే అమలు చేస్తున్నారు. అందుకే ఈ సలహాను ఊరికే తిట్టి వదిలేస్తే సరిపోదు. అందులో ఎంత నిజం ఉందో, ఎంత నష్టం ఉందో తూచి చూడాలి.

నా వాదన ముందే చెబుతాను. చిన్నబిడ్డకు మాట రావడానికి ముందుగా కావలసింది ఫలానా భాష కాదు, తనతో ధారాళంగా మాట్లాడే మనిషి. ఆ మనిషికి ఏ భాష కడుపులోంచి వస్తుందో ఆ భాషలోనే బిడ్డకు మాట్లాడాలి. మన ఇళ్లలో లోటు ఉన్నమాట నిజమే. కానీ అది భాష లోటు కాదు, మాట్లాడే నోళ్ల లోటు. సలహా ఇచ్చేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, ఉన్న ఒక్క నోటినీ మూయిస్తున్నారు.

తండా నుంచి అద్దె గదికి

పాల్మాకుల శంషాబాద్ మండలంలో, బెంగళూరు హైవే మీద ఉన్న ఊరు. 2008లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల బతుకు మారిపోయింది. గోదాములు, వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు వచ్చాయి. పాలమూరు తండాల నుంచి వచ్చినవాళ్లు కూలికి, హౌస్‌కీపింగ్‌కు, సెక్యూరిటీకి, డ్రైవరు పనికి పోతున్నారు. ఒకే వీధిలో తెలుగు, దక్కనీ ఉర్దూ, బీహారు కూలీల హిందీ, మన గోర్ బోలి అన్నీ వినబడతాయి. ఇన్ని భాషల నడుమ పెరిగే బిడ్డకు మాట ఆలస్యమైతే, “ఇన్ని భాషలు కలిసి బిడ్డను గందరగోళం చేశాయి” అంటారు.

కానీ ఆ ఇంటి రోజు ఎలా గడుస్తుందో చూడండి. తండ్రిది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. “చప్పుడు చేయకు” అన్నదే బిడ్డ ఎక్కువగా వినే మాట. తల్లి పొద్దున్నే పనికి పోతుంది. సాయంత్రం వచ్చి వంట, నీళ్లు, బట్టలు. మధ్యలో బిడ్డ ఏడవకుండా చేతికి ఫోను. అదే బిడ్డ తండాలో ఉంటే చుట్టూ యాడి ఉండేది, నాయనమ్మ, అత్తలు, పెదనాన్న పిల్లలు, మేకలు తోలుకుపోయే తాత ఉండేవాళ్లు. ఒకరు ఎత్తుకుంటే ఒకరు ఆటపట్టించేవాళ్లు. తీజ్ వచ్చిందంటే గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసే ఆడపిల్లల పాటలు రోజూ చెవిన పడేవి. వలస వచ్చినప్పుడు మనం సామాను మూటకట్టుకుని వచ్చాం. ఆ నోళ్లన్నీ తండాలోనే ఉండిపోయాయి. బిడ్డ మాట తగ్గింది భాషలు ఎక్కువై కాదు, పలికేవాళ్లు తక్కువై.

సలహా ఇంట్లోకి వచ్చాక

ఇప్పుడు ఆ తల్లికి “మీ భాష మానేయి” అని చెప్పామనుకోండి. గోర్ బోలిలో ఆమె కథ చెప్పగలదు, పొడుపు విప్పించగలదు, వెక్కిరించగలదు, ముద్దు చేయగలదు, మేనమామ పెళ్లిలో ఏం జరిగిందో అరగంట చెప్పగలదు. ఆమెకు వచ్చిన తెలుగు అంగడి తెలుగు, పని దగ్గరి తెలుగు. దానితో బిడ్డకు చెప్పగలిగేది “రా, పో, తిను, కూర్చో, కొడతా” వరకే. ఇంగ్లీషయితే “కమ్, సిట్, ఈట్.” రోజుకు వందల వాక్యాలు అందవలసిన బిడ్డకు పది ఆజ్ఞలు అందుతాయి. ఆజ్ఞకు జవాబు ఉండదు. జవాబు అక్కరలేని చోట బిడ్డకు నోరు తెరిచే పనేముంది?

రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, అలాంటి పిల్లల మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెట్టాలని పరిశోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. “పాణి” అన్నా, “నీళ్లు” అన్నా బిడ్డకు మాట వచ్చినట్టే. తెలుగు మాటలు మాత్రమే లెక్కవేసి “ఈ బిడ్డకు పది మాటలే వచ్చు” అనడం, ఒక జేబు తడిమి మనిషి దగ్గర డబ్బులు లేవనడం లాంటిది. ఒడిశాలో అజిత్ మొహంతి కోంధు పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు ఒక్క ఒడియానే మాట్లాడే కోంధు పిల్లల కంటే ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా చేశారని ఆయన చూపించారు. ఇంటి భాష నిలబడి ఉండగా ఇంకో భాష కలిస్తే అది బలమే.

లెక్కల్లో కనబడని నోళ్లు

ఈ సలహా వెనుక ఒక పేరున్న అధ్యయనం నీడ కూడా ఉంది. అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు 42 కుటుంబాలను గమనించి 1995లో ఒక పుస్తకం వేశారు. నాలుగేళ్లు వచ్చేసరికి పేదింటి బిడ్డ, చదువుకున్నవాళ్లింటి బిడ్డ కంటే 3 కోట్ల మాటలు తక్కువ వింటుందని వాళ్ల అంచనా. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. పేదవాళ్ల ఇంట్లో మాట లేదన్న అభిప్రాయం గట్టిపడింది.

అయితే 2019లో డగ్లస్ స్పెర్రీ, తోటి పరిశోధకులు దాన్ని మళ్లీ పరీక్షించారు. తల్లి ఒక్కతే బిడ్డతో అన్న మాటలే కాక, ఇంట్లో మిగతావాళ్లవి, బిడ్డ చెవిన పడేవి కూడా లెక్కలో చేర్చారు. అప్పుడు పేదిళ్లన్నీ ఒకటే అన్న మాట నిలబడలేదు. పేదల్లోనే ఒక సమాజానికీ ఇంకో సమాజానికీ చాలా తేడా కనబడింది. తండా మనుషులకు ఇది చెప్పనక్కరలేదు. మన దగ్గర బిడ్డను పెంచేది ఒక్క తల్లి కాదు, వాడంతా.

అలాగని మొదటి అధ్యయనాన్ని పూర్తిగా కొట్టేయడానికీ లేదు. పక్కనున్నవాళ్లు మాట్లాడుకునేది వింటే సరిపోదు, బిడ్డతో మాటకు మాట నడవాలి. 2018లో వచ్చిన ఒక అధ్యయనం, బిడ్డ విన్న మాటల సంఖ్య కంటే బిడ్డకూ పెద్దకూ మధ్య నడిచిన మాటామంతీకే బిడ్డ మెదడు పనితీరుతో ఎక్కువ సంబంధం ఉందని చూపింది. టీవీ, ఫోను ఎంత మాట్లాడినా బిడ్డ జవాబు కోసం ఆగవు. అందుకే తండాకు వర్తించని ఆ పాత లెక్క, శంషాబాద్ చుట్టుపక్కల మన అద్దె గదికి వర్తించే ప్రమాదం వచ్చింది. ఇది మనం ఒప్పుకోవాలి.

పుస్తకాలు వచ్చాయి, ఇంటిదాకా రాలేదు

బిడ్డ భాషతో మొదలుపెట్టడం మన నేలకు కొత్తేమీ కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి గిడుగు రామమూర్తి ఫోటోకు దండ వేస్తాం. ఆయన వాడుక భాష ఉద్యమానికి ముందే సవరల మాట నేర్చుకున్నారని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలో పుస్తకాలు రాశారని ఆ రోజు ఎంతమంది చెబుతారు? ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లో హైమెండార్ఫ్ ఆధ్వర్యంలో గోండు పంతుళ్లను తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు వచ్చాయి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయమంటుంది.

2003-04లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో, 240 బడుల్లో. మన మాటలు తెలుగు లిపిలో అచ్చులో కనబడ్డాయి. అది చిన్న విషయం కాదు. భద్రాచలం వైపు కోయ బిడ్డకు గ్లాసులో నీళ్లు చూపించి ఇదేమిటంటే “ఏరు” అంటుంది. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగు పంతులుకు ఏరు అంటే వాగు. బిడ్డ తప్పు చెప్పిందనుకుంటాడు. అలాంటి చోట బిడ్డ చెప్పింది ఒప్పే అని చెప్పిన పుస్తకాలవి.

కానీ వాటికి రెండు పరిమితులు. ఒకటి, అవి ఒకటో తరగతితో మొదలయ్యాయి. బిడ్డ మాట కట్టుకునే కాలం అంతకు ముందే చాలావరకు గడిచిపోతుంది. రెండు, అది ఒకే భాష మాట్లాడే గూడేలను, తండాలను చూసి వేసిన పథకం. నాలుగు భాషల పిల్లలు ఒకే గదిలో కూర్చునే పాల్మాకుల లాంటి ఊళ్లు దాని లెక్కలో లేవు. 2020 జాతీయ విద్యా విధానం కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమంది, “వీలైన చోటల్లా” అన్న మాట కూడా చేర్చింది. వీలు కాదనడం చాలా తేలిక. మన దగ్గర 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు దాన్ని కోరుకున్నారు, ఆ కోరికలో తప్పు లేదు. ఇంగ్లీషు రాక ఉద్యోగాల దగ్గర నిలబడిపోయింది మనమే. కానీ బడి ఇంగ్లీషులోకి పోయిన కొద్దీ, బిడ్డ నోరు తిరిగే చోటు ఇల్లొక్కటే మిగులుతుంది.

పైగా మనది భాషే కాదన్న చిన్నచూపు ఉంది. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. అయినా ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు. లిపి లేనిది భాష కాదనేవాళ్లకు ఒక్కటే జవాబు. ఏ బిడ్డా లిపితో మాట నేర్చుకోదు.

ఇంట్లో చేయగలిగినవి

పొద్దున బాటి చేసేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. పిండి, నీళ్లు, పెనం, మంట, చేసే ప్రతి పనీ మన మాటలో చెబుతూ చేయండి. బిడ్డ “పాణి” అంటే వెంటనే చెంబు అందించి ఊరుకోకండి. “చల్లటి పాణి కావాలా, వేడి పాణి కావాలా?” అని అడిగి, పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. మాట తప్పు పలికితే సరిదిద్దకండి, సరైన మాటతో మీ జవాబు ఇవ్వండి. తెలుగు, గోర్ బోలి కలిపి మాట్లాడితే భయపడకండి, అది నేర్చుకునే పద్ధతి. తండాలో ఉన్న అవ్వతో రోజూ ఫోనులో మాట్లాడించండి. ఫోనుకు అది మంచి వాడకం. రాత్రి డ్యూటీ తండ్రి నిద్ర లేచాక పది నిమిషాలు బిడ్డతో కూర్చుంటే చాలు, తన పని గురించే చెప్పవచ్చు. తెలుగు బాగా వచ్చిన అన్నో అక్కో ఉంటే వాళ్లు తెలుగులో ఆడించనివ్వండి. తెలుగు వీధిలోంచి, అంగన్‌వాడీలోంచి వస్తుంది. గోర్ బోలి ఇంట్లో దొరకకపోతే ఇంకెక్కడా దొరకదు.

ఒక హెచ్చరిక మన ఇళ్లకు కూడా. “వాళ్ల నాయనకూ ఆలస్యంగానే మాట వచ్చింది, మగపిల్లలు అంతే” అని కూర్చోకూడదు. ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకు కూడా ఒక్క మాటా లేకపోతే, రెండేళ్లు నిండినా “యాడి, పాణి” అని రెండు మాటలు జోడించకపోతే, వచ్చిన మాట పోతే, ఏ భాషలోనైనా సరే, ముందు చెవులు పరీక్ష చేయించాలి. చెవి కారుతుంటే నూనెలు, ఆకు పసర్లు పోయకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి, వినికిడినీ మాట ఆలస్యాన్నీ కూడా చూడాలి. వాళ్లు వచ్చిన రోజు బిడ్డను తప్పకుండా తీసుకుపోండి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. అక్కడ బిడ్డకు ఇంట్లో వచ్చే మాటలన్నీ మన భాషలోవి కూడా చెప్పండి. పరీక్ష సరిగ్గా జరగాలంటే అవన్నీ లెక్కలోకి రావాలి.

రాసేవాళ్ల వంతు

చివరగా మన రాతల గురించి. భాష చచ్చిపోతోందని మనం కవితలు రాస్తున్నాం, సభల్లో కన్నీళ్లు పెడుతున్నాం. కానీ మన సంకలనాల్లో మూడేళ్ల బిడ్డ ఎక్కడ? అవ్వ నోట్లో ఉన్న జోలపాట, పొడుపు, వేళ్లు లెక్కపెట్టే ఆట, ఇవి సాహిత్యం కావన్నట్టు వదిలేశాం. భాషను బతికించేది సభ కాదు, పొయ్యి దగ్గరి మాట. మన పంతుళ్లు తలా పది పాటలు, పది పొడుపులు పిల్లల అవ్వల దగ్గర విని, తెలుగు లిపిలో రాసి, పెద్ద అక్షరాలతో ఒక చిన్న పుస్తకం వేస్తే, అంగన్‌వాడీ టీచరు కూడా చదివి వినిపించగలదు. చదువు రాని తల్లికి బొమ్మ చాలు, పాట ఆమెకే వచ్చు.

తల్లిదండ్రుల సమావేశంలో మనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఒక్క వాక్యం మార్చి చెబుదాం: “మీ భాషలో మీ బిడ్డతో ఇంకా ఎక్కువ మాట్లాడండి, తెలుగూ ఇంగ్లీషూ నేర్పే పని మాది.” ఆ రెండో సగం నిలబెట్టుకోవడం పంతుళ్లుగా మన బాధ్యత.