రేపల్లెలోని ‘పల్లె’: ఒక నామపద పరిశీలన

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెలలో చివరి రెండింటి పేర్లకు ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తులు దైవకథల వైపు మొగ్గుతాయి. బాపట్లను భావనారాయణస్వామి పేరిట ‘భావపురి’తో, రేపల్లెను కృష్ణుడు పెరిగిన వ్రేపల్లెతో ముడిపెడతారు. ‘వ్రేత’ గొల్లస్త్రీ కనుక వ్రేపల్లె గొల్లల పల్లె. అర్థానికి లోటు లేదు. చిక్కల్లా ధ్వనిలోనే. పదాదిని ‘వ్రే’ తరచుగా ‘వే’ అవుతుంది: వ్రేలు–వేలు, వ్రేటు–వేటు. వకారం పోయి రేఫ మిగిలిన వ్రాత–రాత వంటివి తక్కువ. అయినా కృష్ణుని పల్లెకు ‘రేపల్లె’ అన్న రూపం తెలుగులో స్థిరపడినదే కనుక ఈ మార్పును కాదనలేము. ఆ పేరే ఈ పట్టణానికి వచ్చిందనడానికి మాత్రం ధ్వనిసామ్యం ఒక్కటే చాలదు; శాసనాధారం కావాలి.

పూర్వపదంపై ఇంత ఆసక్తి చూపేవారు ఉత్తరపదాన్ని తెలిసినదేనని దాటవేస్తారు. ‘పల్లె’కు పాతరూపం ‘పల్లియ’. మల్లియ మల్లె, కన్నియ కన్నె అయినట్లే ఇదీ మారింది. దీని సోదరపదం ‘పళ్ళి’ తమిళంలో బడి. మలయాళంలో చర్చి, మసీదు కూడా. తెలుగులో అది నివాసస్థలంగానే నిలిచింది.

వ్యాకరణంలో ఈ మాటకు ఆర్భాటం లేదు. ‘ఊరు’ ఔపవిభక్తికం: ఊరి, ఊరికి. ‘పల్లె’ రూపం చెదరదు: పల్లెకు, పల్లెలో, పల్లెలు. తెనాలికి, బాపట్లకు, రేపల్లెకు అనడంలోని కి, కు భేదం చివరి అచ్చును బట్టి వచ్చినదే. సత్తెనపల్లి, సత్తెనపల్లె అన్న వికల్పం వంటిది రేపల్లెకు వాడుకలో లేదు.

అసలు వివాదం అర్థంలో ఉంది. నిఘంటువులు ‘చిన్న గ్రామం’ అంటాయి. గుంటూరు ప్రాంతపు వాడుకలో ఊరికి వెలుపలి దళితనివాసం కూడా పల్లెయే. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ శీర్షికకు బలం ఈ అర్థం నుంచే వచ్చింది. పల్లె అనగానే పచ్చని పొలాలనూ పాడిపంటలనూ తలచే విమర్శ ఈ హద్దును చూడదు. ఇక్కడ ఊరు, పల్లె అన్నవి పెద్దచిన్నల తేడాను మాత్రమే చెప్పవు. ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్నది చెబుతాయి. రేపల్లె పేరుకు ఈ అర్థాన్ని అంటగట్టనక్కరలేదు. కానీ స్థలనామాలు సేకరించే పరిశోధకుడు ప్రతి ‘పల్లె’ దగ్గరా అది ఏ ఊరికి వెలుపల, ఏ దిక్కున ఉందో, ఆ పేరుతో దాన్ని పిలిచేది ఎవరో కూడా నమోదు చేయాలి.