మనశ్శాస్త్రమునకు తెలుగు మాటలు

వికారాబాదునుండి తాండూరునకు పోవు రైలుబండిలో, ఉపాధ్యాయ అర్హతా పరీక్షకు చదువుచున్న యొక విద్యార్థిని పుస్తకమును వల్లె వేయుచుండగా వింటిమి. 150 మార్కులలో 30 మార్కులు శిశువికాసము, బోధనాపద్ధతులకే గదా! "శాస్త్రీయ నిబంధన" యను మాట పలుమాఱు వినవచ్చెను. అర్థమేమని యడుగగా, "శాస్త్రవేత్తలు పెట్టిన రూలు" అని యామె తడుముకొనక చెప్పినది.

తప్పు ఆమెది కాదు. నిబంధన యనగా మన వ్యవహారమున షరతు; శాస్త్రీయ మనగా శాస్త్రసమ్మతము. సంగీతమునకు చెల్లిన విశేషణమును తెచ్చి యిచ్చట తగిలించిన పండితులు, చదువరి చెవి కది యెట్లు తోచునో యాలోచింపరైరి.

విషయమో, మిక్కిలి సులభము. రష్యా దేశస్థుడగు పావ్‌లోవ్ జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము నందెను. ఆహారము నోట పడకమునుపే, దానిని తెచ్చువాని రాకకే కుక్కకు లాలాజల మూరుటను అతడు గమనించెను. రెండు సంగతులు పలుమాఱు జతపడినచో, మొదటిది రెండవదానికి గుర్తగును. "జతపడి నేర్చుట" యనిన శాస్త్రగౌరవమునకు వచ్చిన లోప మేమి?

మాటలన్నియు నిట్టివే యనము. అవధానము, ధారణ యనునవి అష్టావధానము లెఱిగిన మన యిండ్లలో వివరణ మక్కఱలేని మాటలు. తాండూరులో నాపరాళ్లను నునుపుచేయు యంత్రముల హోరు క్రొత్తవారి చెవులను హోరెత్తించును. ఆ ప్రక్కనే కాపురమున్నవారికి వినబడనట్లే యుండును. అలవాటుపడుట యనగా నిదియే. ఇట్టి యుదాహరణ మొక్కటి వ్రాయుటకు మన గ్రంథకర్తల కేల చేయి రాదో తెలియదు.

ఇది కేవలము మాటల తగవు కాదు. 1920లో వాట్సన్, రేనర్ అనువారు, తెల్లయెలుకకు వెఱవని పసివానికి దానిని చూపునప్పుడెల్ల ఇనుపకమ్మిపై సుత్తితో మ్రోగించి, ఎలుకనే కాక కుందేలును చూచియు ఏడ్చునట్లు చేసిరి. ఆ భయమును మాన్పకయే విడిచిరి, క్రూరమైన పని. బెత్తముతో లెక్కలను జతపఱచిన బడిలో జరుగునదియు నిదియే. 2009 నాటి విద్యాహక్కు చట్టము దండనను నిషేధించినది గాని, భయ మెట్లు పుట్టునో యెఱుగని యుపాధ్యాయునికి, కసురు చూపుకూడ బెత్తమే యని యెవరు చెప్పవలెను? చెప్పవలసిన పుస్తకము కుక్కయొద్దనే యాగిపోయినది.

మేమీ సంగతి చెప్పగా, ఆ విద్యార్థిని కొంతసేపు కిటికీవైపు చూచి, "మా లెక్కల సారు చెప్పుల సప్పుడింటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతయమ్మా" అనినది. పిమ్మట కలము తీసి, పుస్తకపు అంచున నేదో వ్రాసికొనినది.