అచ్చయిన చేతిరాత

రూపానికి వర్గం లేదనే వాదన అక్షరాల విషయంలో ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. బెల్లంపల్లిలో గని ప్రమాదంలో మరణించిన కార్మికుని సంతాప సభకు కట్టిన ఫ్లెక్సీ చూశాక నాకు దానితో పేచీ వచ్చింది. ‘జోహార్లు’ అన్న మాట బాపు చేతిరాత ఫాంటులో ఉంది. శుభలేఖల మీద చూసే అదే అక్షరం. బాపు గొప్పదనాన్ని నేను కాదనడం లేదు. ఆ వంపుల్లో ఒక మనిషి హాస్యం, మధ్యతరగతి ఇంటి సరసం ఉన్నాయి. చావు దగ్గర అవి నవ్వుతున్నాయి.

1981లో సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడిన నాళ్ళలో ఈ బొగ్గుబాయిల గోడల మీద నినాదాలు కుంచెతో రాసేవారు. గోడ చాలకపోతే చివరి అక్షరాలు ఇరుక్కునేవి. పై వరుస ఒత్తు తగలకుండా కింది తలకట్టు పక్కకు జరిగేది. ఒక ‘ర’ మరో ‘ర’లా ఉండేది కాదు. ఈ ఫాంటులో ప్రతి ‘ర’ ఒకటే. కనుక అది చేతిరాత కాదు, చేతిరాత వేషం.

అలాగని కంప్యూటరును తిట్టడం అభ్యుదయం కాదు. లక్కిరెడ్డి, రవిప్రకాష్ వంటి అలంకార ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. చిన్న పత్రికకు అది తక్కువ మేలు కాదు. ఓపెన్‌టైప్ పద్ధతిలో ఒకే అక్షరానికి మూడు నాలుగు రూపాలు పెట్టి, పక్క అక్షరాన్ని బట్టి మార్చే వీలూ ఉంది. గోడరాత కోసం ఆ శ్రమ ఎవరు పడాలి? మన సంపుటాల అట్టలకు మనమే ఏం ఎంచుతున్నాం? నా పుస్తకం అట్ట మీదా శుభలేఖ అక్షరమే. డీటీపీ కుర్రవాడు చూపించాడు, నేను తల ఊపాను.