మూడు పూతల నైట్లు, ఒక్క పూత విలుకాళ్ళు

హిస్టారికల్ వార్‌గేమింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. చరిత్రలో జరిగిన యుద్ధాన్ని బల్ల మీద పాచికలు వేస్తూ, టేపుతో దూరాలు కొలుచుకుంటూ మళ్ళీ ఆడతారు. సైనికులు 28 మిల్లీమీటర్ల బొమ్మలు. పెట్టెలో విడి ముక్కలుగా వస్తాయి. కోసి, అతికించి, రంగులు వేసుకోవాల్సింది మనమే. ఆట ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, రంగులకి నెలలు పడుతుంది. అందుకే నాకు ఇది ఆట కన్నా వ్యాఖ్యానంలా కనిపిస్తుంది. ఎవరి మీద ఎంతసేపు కుంచె నిలిచిందో చూస్తే, ఆ యుద్ధాన్ని మనం ఎలా చదివామో తెలిసిపోతుంది.

అజిన్‌కోర్ట్‌నే తీసుకుందాం. 1415 అక్టోబర్ 25. ఐదో హెన్రీ సైన్యంలో ఐదింట నాలుగు వంతుల మంది విలుకాళ్ళే. మరి రంగులేసేవాళ్ళ ఊపిరంతా ఎక్కడ పోతుంది? హెన్రీ చిహ్నం మీద. నాలుగు గళ్ళు: రెండింట్లో నీలం మీద బంగారు లిల్లీలు, రెండింట్లో ఎరుపు మీద మూడేసి సింహాలు. గోరంత జాగాలో సింహానికి పంజా గీస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే, ఆ సరదా నాకూ తెలుసు. విలుకాళ్ళ వంతు వచ్చేసరికి పన్నెండు మందిని ఒకే పుల్లకి అతికించి, గోధుమరంగు కొట్టి, పైన పల్చటి నల్లనీళ్ళు పూసి వదిలేస్తాం. ఆఫీసు భాషలో బ్యాచ్ జాబ్. 2019లో సిటడెల్ వాళ్ళ కాంట్రాస్ట్ రంగులొచ్చాక ఒక్క పూతతోనే నీడా వెలుగూ రెండూ వచ్చేస్తున్నాయి, పని ఇంకా తేలికైంది. నా లెక్కలో నైట్‌కి మూడు గంటలు, విలుకాడికి ఇరవై నిమిషాలు. హెన్రీ ఖజానా కవచం తొడిగిన యోధుడికి రోజుకి 12 పెన్నీలు, విలుకాడికి 6 పెన్నీలు ఇచ్చింది. మన కుంచె రాజు కన్నా పిసినారి.

పోనీ ఆ గోధుమరంగు నిజమా అంటే, అదీ కాదు. మంజిష్ఠ జాతి వేళ్ళ ఎరుపు, వోడ్ ఆకుల నీలం, వెల్డ్ మొక్క పసుపు అప్పటి యూరప్‌లో మామూలు అద్దకాలే. పైగా సైన్యంలో ప్రతివాడూ సెయింట్ జార్జ్ ఎర్ర శిలువ కనపడేలా తొడుక్కోవాలని ఆజ్ఞలున్నాయి. పేదవాళ్ళంతా మట్టిరంగులో ఉంటారన్నది సినిమాలు నేర్పిన చూపు. ఆ దండయాత్ర జీతాల కోసం రాసిన పట్టీల్లో విలుకాళ్ళ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. గుమస్తా ఒక్కొక్కణ్ణీ విడిగా రాసుకున్నాడు, మనం పన్నెండేసి మందిని కలిపి పూసేస్తున్నాం.

మట్టి నిజంగా ఉండాల్సిన చోట మాత్రం ఉండదు. అది దున్ని, వానకి నానిన పొలం. ఫ్రెంచి నైట్లు బురదలో కూరుకుపోయారు. హార్‌ఫ్లర్ ముట్టడిలో రక్తవిరేచనాలు పట్టుకున్న ఇంగ్లీషువాళ్ళలో కొందరు మేజోళ్ళు కిందికి జార్చుకునే పోరాడారని చెప్తారు. బల్ల మీదేమో మెరిసే మోకాలి కవచాలు, కింద పచ్చగా కత్తిరించిన గడ్డి.

ఇంకో సంగతి. షేక్‌స్పియర్ ‘హెన్రీ ది ఫిఫ్త్’ నాటకంలో విల్లు ఊసు దాదాపు లేదు. కానీ ఖైదీలని చంపమన్న హెన్రీ ఆజ్ఞ ఉంది. వార్‌గేమర్లు విలుకాళ్ళని తీసుకొచ్చారు, ఖైదీలని వదిలేశారు. నేను చూసిన ఏ బల్ల మీదా చేతులు కట్టిన మనిషి లేడు. ఫ్రెంచివాళ్ళ ఒరిఫ్లామ్ జెండాని మాత్రం అందరూ ఇష్టంగా వేస్తారు, మంటలాంటి ఎరుపు కదా. అది ఎగిరితే ఎవరికీ ప్రాణభిక్ష లేదని అర్థం. దాన్ని మోసిన గియోమ్ మార్టెల్ ఆ రోజే చనిపోయాడు. తీరా లొంగిపోయినవాళ్ళని చంపించింది అవతలి రాజు.

ఆటలో చచ్చిన బొమ్మని బల్ల మీంచి తీసి పక్కనున్న ట్రేలో పెడతారు, పెచ్చు లేవకుండా జాగ్రత్తగా. ఆట ముగిసేసరికి ఆ ట్రేలో ఫ్రెంచి నైట్లంతా ఈటెలు పైకెత్తి, వరసగా నిలబడి ఉంటారు.