ప్లాస్టికు విమాన నమూనాలు: మంచిచెడ్డల విచారణ

పాఠశాలలలో జరుగు విజ్ఞాన ప్రదర్శనములలో ప్లాస్టికు విమానముల నమూనాలు అప్పుడప్పుడు కనబడుచుండును. పెట్టెలో విడివిడి భాగములుగా వచ్చిన వానిని విద్యార్థులు కత్తిరించి, అతికించి, రంగు వేసి బల్లపై నిలుపుదురు. చూపరులు “బాగున్నది” అని ముందుకు సాగుదురు. ఏమి బాగున్నది, ఎంతవరకు బాగున్నది అని అడుగువారు తక్కువ. ఆ ప్రశ్నను ఈ వ్యాసమున అడుగుదము.

కొన్ని సంవత్సరముల క్రిందట వనపర్తి జిల్లా అమరచింతలో ఒక నేతపనివారి పిల్లవాడు ఇట్టి నమూనా నొకదానిని ప్రదర్శనమునకు తెచ్చెను. పండుగలకు చేతికి వచ్చిన డబ్బు దాచుకొని కొన్న పెట్టె అది. అతుకులు చక్కగా కుదిరినవి; రంగు ఎక్కడను చెదరలేదు. దాని ముందు ఒక చీటీ ఉంచెను: “1971 డిసెంబరు 14న శ్రీనగర్‌పై పోరాడి అమరుడైన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖాన్ నడిపిన గ్నాట్ విమానము.” వాయుసేనలో పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకరు వంగి చూచి, నవ్వుచు, “ఏం బిడ్డా, సెఖాన్ ఎనుక సీట్ల ఎవరు కూసున్నరు?” అని అడిగిరి. పిల్లవాడు తెల్లబోయెను. ప్రక్కన నిలిచిన నేనును తెల్లబోతిని. ఏలయన, పెట్టె ఎన్నుకొనుటలో సలహా చెప్పినది నేనే.

సెఖాన్ నడిపినది ఒకే ఆసనము గల యుద్ధవిమానము. మేము కొన్నది బ్రిటిషు వాయుసేన శిక్షణకు వాడిన రెండాసనముల టి-1 రకము. పెట్టెపై ఆ మాట స్పష్టముగానే ఉన్నది. “గ్నాట్” అను పేరు చూచి మిగిలినది చదువకపోవుట మా తప్పు.

మొదటి పరీక్ష: ఆకారము

ఇట్టి నమూనాలలో మిక్కిలి ప్రచారము గల స్కేలు 1/72. ఆరు అడుగులకు 72 అంగుళములు గదా! ఆరడుగుల మనిషి ఒక్క అంగుళమగును. ఈ లెక్క తెలిసినచో పెట్టెలోని భాగములను పరీక్షించుటకు కొలబద్ద చాలును.

ఒంటి ఆసనపు గ్నాట్ రెక్కల విస్తారము 6.73 మీటర్లు, పొడవు 8.74 మీటర్లు. 72 చేత భాగించినచో 93.5 మి.మీ., 121.4 మి.మీ. వచ్చును. శిక్షణ విమానపు రెక్కల విస్తారము 7.32 మీటర్లు, పొడవు 9.68 మీటర్లు, అనగా నమూనాలో 101.7 మి.మీ., 134.4 మి.మీ. కాబట్టి వెనుక ఆసనమును మూసివేసి భారత వాయుసేన చిహ్నము లంటించినంత మాత్రమున ఒకటి రెండవది కాజాలదు. రెక్కలే 8 మి.మీ. అధికముగా నున్నవి.

ప్రదర్శన ముగిసిన మరునాడు ఆ పిల్లవాడు గ్రాఫు కాగితముపై ఈ రెండు కొలతల దీర్ఘచతురస్రములను గీచి, తన నమూనాను వానిపై నుంచి చూపెను. మగ్గమున్న ఇంట పుట్టినవానికి గళ్ళకాగితపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఒక గడి తప్పినచో చీర అంచున పువ్వు వంకరపోవునని వానికి మనకంటె ముందే తెలియును.

రెండవ పరీక్ష: గీతలు, రివెట్లు

విమానపు రేకుల నడుమ ఉండు అతుకులను నమూనాలపై గీతలుగా చూపుదురు. పాతకాలపు అచ్చులలో ఇవి ఉబ్బెత్తుగా, రివెట్లు బొడిపెలుగా నుండెడివి. ఇప్పటివానిలో సన్నని గాళ్ళుగా చెక్కుచున్నారు. గాళ్ళున్న నమూనా మేలైనదనియు, ఉబ్బుగీతలది నాసిరకమనియు చాలమంది తీర్పు చెప్పుదురు. ఈ తీర్పునకు లెక్క అడ్డు వచ్చుచున్నది.

0.2 మి.మీ. వెడల్పు గల గాడి నిజవిమానముపై 14.4 మి.మీ. అగును. అంత సందు గల విమానము నెవ్వరును ఎగురనీయరు! 0.5 మి.మీ. రివెట్టు బొడిపె 36 మి.మీ. అగును, మన పదిరూపాయల నాణెము 27 మి.మీ. మాత్రమే. ఈ లెక్కన రెండు పద్ధతులును అతిశయోక్తులే.

మరి 3 మి.మీ. అతుకును సరియైన స్కేలులో చెక్కినచో ఏమగును? 0.04 మి.మీ. గీత వచ్చును. మన కన్ను వేరుపరచి చూడగల కోణము ఇంచుమించు ఒక నిమిషము, అనగా డిగ్రీలో అరువదియవ వంతు. 30 సెంటీమీటర్ల దూరమున అది సుమారు 0.09 మి.మీ. కావున ఆ గీత కంటికి స్పష్టముగా తోచదు. రంగు పూసినచో పూడిపోవును. భారతదేశ పటములో రైలుమార్గమును స్కేలు ప్రకారము గీచినచో కనబడదు గనుక లావుగా గీయుదుము. ఇదియు అట్టిదే. ఈ అతిశయోక్తి కొంతవరకు క్షమింపదగినది. పటములో రైలుమార్గము లావైనను ఫరవాలేదు. ఊరు తప్పుచోట ఉండరాదు.

విశాఖపట్టణపు సముద్రతీరమున 2017 నుండి టి.యు.-142 నౌకాదళ విమానము ప్రదర్శనశాలగా నున్నది. విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థులు దానికి 21.6 మీటర్ల దూరమున నిలిచి చూతురుగాక. 1/72 నమూనాను 30 సెంటీమీటర్ల నుండి చూచుటకు అది సమానము. అచ్చట కనబడినంతయే నమూనాలోను కనబడవలెను.

మూడవ పరీక్ష: అచ్చుపని

ఈ భాగములు పాలిస్టైరీను అను ప్లాస్టికుతో చేసినవి. దానిని కరిగించి, ఒత్తిడితో అచ్చులోనికి నెట్టి, చల్లార్తురు. చల్లారునపుడు అది నూటికి సుమారు అరవంతు కుంచించుకొనును. 134 మి.మీ. భాగమున ఇది మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు దగ్గర. అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కవలెను. భాగము ఒకచోట మందముగా, ఒకచోట పలుచగా నున్నచో మందపుచోట ఆలస్యముగా చల్లారి ఉపరితలము గుంటపడును. అచ్చు అరిగిన కొలది దాని రెండు దళముల నడుమ సందు ఏర్పడి, భాగముల అంచున పలుచని పొర మిగులును. గుంటలు, పొరలు, వంకరలు, ఇవి చూచిన వెంటనే అచ్చు ఆరోగ్యము తెలియును.

రెక్క వెనుక అంచును గూడ చూడవలెను. నిజవిమానమున అది సన్నగా నుండును. నమూనాలో అర మిల్లీమీటరున్నచో 36 మి.మీ. మందమున్నట్లే. గీతల దోషమునకు కంటి నెపము కలదు గాని దీనికి లేదు. ఇది ఆకార దోషమే.

మూడు రకముల పెట్టెలు

ఈ పరీక్షలను గ్నాట్‌కు అన్వయింతము. ఎయిర్‌ఫిక్స్ అను బ్రిటిషు సంస్థ 1960ల దశాబ్దమున శిక్షణ గ్నాట్ నమూనాను 1/72లో వెలువరించెను. 2012లో అదే విమానమునకు క్రొత్త అచ్చు చేసెను. ఆ దశాబ్దమున ఈ సంస్థ పెట్టెలు పెక్కింటిపై “భారతదేశమున తయారు” అను ముద్ర ఉండెడిది. చెక్ దేశపు స్పెషల్ హాబీ సంస్థ ఒంటి ఆసనపు గ్నాట్‌ను, దాని నుండి బెంగుళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు రూపొందించిన అజీత్‌ను వెలువరించెను.

పాత అచ్చులలో సాధారణముగా భాగములు తక్కువ, లోపలి వివరములు స్వల్పము. కాని చేతికి అలవాటు లేని బాలునకు తప్పుచేసి నేర్చుకొనుటకు ఇవి చాలును. క్రొత్త ఉక్కు అచ్చులలో భాగములు ఒకదానిలో ఒకటి ఒదుగునట్లు గూటములు, రంధ్రములు ఉండును. తరగతిలో నలుగురు కలిసి కూర్చుటకు ఇవి మేలు. పరిమిత సంఖ్యలో తీయు అచ్చులలో ఈ గూటములు తరచుగా ఉండవు. ఆకురాయి పట్టుట, ఎండుభాగములను ముందుగా జతపరచి చూచుట తెలిసి ఉండవలెను. కాని ఇతరులు చేయని విమానములను చేయువారు ఈ చిన్న సంస్థలవారే. భారత వాయుసేన గ్నాట్ కావలెనన్నచో ఈ శ్రమకు సిద్ధపడవలెను.

ఒక హెచ్చరిక అన్ని రకములకును వర్తించును. గ్నాట్ ముక్కుక్రింద ఒక చక్రము, వెనుక రెండు చక్రములు ఉన్నవి. గరిమనాభి వెనుక చక్రములకంటె ముందుండకపోయినచో నమూనా తోకపై కూలబడును. కావున దేహపు రెండు సగములను అతికించుటకు ముందే ముక్కులో చిన్న సీసపు ముక్క అమర్చి నిలకడ చూచుకొనవలెను. ఎంత బరువు ఉంచవలెనో సూచనల కాగితమున చెప్పిన పెట్టె మంచి పెట్టె. సీసమును ముట్టిన చేతులను కడుగుకొనుట మరువరాదు.

తీర్పు

పెట్టెపై బొమ్మ, భాగముల సంఖ్య, వెల, ఈ మూడును నాణ్యతకు కొలతలు కావు. ఇది ఏ విమానము, ఏ రకము, ఆకారము కొలతకు నిలుచునా అనునవి మొదటి ప్రశ్నలు. అచ్చు శుభ్రముగా నున్నదా అనునది తరువాతిది. గీతల సన్నదనము చివరిది. మనము సాధారణముగా ఈ వరుసను తలక్రిందులుగా అడుగుచున్నాము. ఉపాధ్యాయులు పెట్టెను తెరచిన మొదటి గంట జిగురు ముట్టనీయక విద్యార్థుల చేతికి కొలబద్ద నిత్తురుగాక. ఆ గంటలో నేర్చిన గణితము నమూనా విరిగినను నిలుచును.

ఆ పిల్లవాడు నమూనాను పారవేయలేదు, చీటీని మార్చెను. “గ్నాట్ టి-1, రెండాసనముల శిక్షణ విమానము, స్కేలు 1/72. సెఖాన్ నడిపిన గ్నాట్ దీనికంటె 13 మి.మీ. పొట్టిది” అని వ్రాసెను. రంగువేసిన దానికంటె ఆ రెండు వాక్యములు మంచి పని.